బ్రెజిల్ హాస్యంలో యాసలు, వింత మనుషులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రెజిల్ సినిమాలు, సీరియళ్ళు, పాత కామెడీ షోలు చూడటం మొదలుపెట్టిన మనవాళ్ళకి దాదాపు ఒకే సందేహాలు వస్తున్నాయి. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## చూడటం మొదలుపెట్టే ముందు

బ్రెజిల్‌లో అందరూ మాట్లాడేది పోర్చుగీసే కదా, మళ్ళీ ఈ యాసల గోల ఏంటి?

భాష ఒకటే, దేశం మాత్రం చాలా పెద్దది. 26 రాష్ట్రాలు, వాటితోపాటు రాజధాని జిల్లా. దక్షిణాన పశువుల కాపర్ల సంస్కృతి ఉన్న రియో గ్రాండె దొ సుల్‌కీ, ఈశాన్యంలో కరువు నేల అయిన సెర్తావ్‌కీ తిండిలో, పాటలో, మాటలో పోలికే ఉండదు. 20వ శతాబ్దమంతా ఈశాన్య రాష్ట్రాల నుంచి లక్షలమంది కరువులకి తాళలేక, పనుల కోసం రియోకీ సావో పాలోకీ వలస వెళ్ళారు. అలా ఒకే వీధిలో రెండు మూడు యాసలు వినబడటం మొదలైంది. రేడియో, సినిమా, టీవీ కామెడీకి ముడిసరుకు అక్కడే దొరికింది. యాస తెలియకపోతే కథ అర్థమవుతుంది కానీ, నవ్వు ఎందుకొచ్చిందో, ఎవరి మీద వచ్చిందో మాత్రం అర్థం కాదు.

మొదట ఏది చూడమంటారు?

"ఔతో ద కొంపదెసీదా". అరియానో సువాసునా 1955లో రాసిన నాటకం ఇది. 1999లో గ్లోబో టీవీ దీన్ని నాలుగు భాగాల మినీ సిరీస్‌గా తీసింది. దాన్నే కుదించి 2000లో సినిమాగా విడుదల చేశారు. దర్శకుడు గెల్ అరాయెస్. రెండు గంటలైనా పట్టదు, కథ సులువు, మనుషులు మరపురారు. సీరియళ్ళ జోలికి ముందే వెళ్ళొద్దు. వందల ఎపిసోడ్లు చూసి భయపడి మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే సరిపోదా?

కథకి సరిపోతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో మాత్రం రైతూ, లాయరూ, దొంగా, పూజారీ అందరూ ఒకేలా మాట్లాడతారు. ఒక్కో సీన్ రెండుసార్లు చూడటం నేను చెప్పగలిగే మంచి ఉపాయం. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో అర్థం చేసుకోండి, రెండోసారి అవి తీసేసి చెవులతో వినండి. పోర్చుగీసు సబ్‌టైటిల్స్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే నటుడు మింగేసిన అక్షరాలు అక్కడ రాసి ఉంటాయి. రాసిందానికీ పలికిందానికీ మధ్య ఉన్న తేడానే యాస.

## చెవిన పడే మాటలు

పాత్ర ఏ ప్రాంతం మనిషో మాట వినగానే ఎలా పట్టుకోవాలి?

మూడు నాలుగు గుర్తులు చాలు. మాట చివర, లేదా ఇంకో హల్లుకి ముందు వచ్చే "స్" కాస్తా "ష్" అయిపోతుంటే రియో మనిషి అనుకోవచ్చు. "ర్" పలికేటప్పుడు నాలుక వెనక్కి మడిచి సాగదీస్తే సావో పాలో రాష్ట్రం లోపలి పల్లెల మనిషి. వాళ్ళనే కైపీరా అంటారు. మాటల చివరలు మింగేసి మూడు మాటలని ఒకటి చేసేస్తే మీనాస్ జెరైస్ రాష్ట్రం మనిషి. "నేనెక్కడున్నాను" అనే మొత్తం వాక్యం వాళ్ళ నోట "ఓంకోతో" అయిపోతుంది. "బా", "చే" అనే ఊతపదాలు దొర్లుతుంటే గౌషో, అంటే దక్షిణాది రియో గ్రాండె దొ సుల్ మనిషి.

ఇక "తి", "ది" అక్షరాల సంగతి. రియోలో ఇవి "చి", "జి" అవుతాయి. ఈశాన్య రాష్ట్రాలైన పెర్నంబుకో, పరైబాల్లో చాలాచోట్ల మాత్రం మనం తెలుగులో పలికినట్టే, నాలుక పళ్ళకి తగిలించి "తి", "ది" అనే అంటారు. మన చెవికి ఇది వెంటనే దొరుకుతుంది. ఈశాన్యపు పాత్రల్ని తెలుగువాళ్ళు తొందరగా గుర్తుపట్టడం నేను చాలాసార్లు గమనించాను.

"ఒషెంతి" అని మాటిమాటికీ అంటారు, అర్థమేంటి?

ఆశ్చర్యం, అనుమానం, చిరాకు, అన్నిటికీ అదే. "ఓ జనులారా" అనే పిలుపు అరిగి అరిగి ఇలా అయిందని చెబుతారు. పొట్టిగా "ఒషి" అని కూడా అంటారు. మన "ఓర్నీ" వాడే చోట్లన్నీ దీనికి సరిపోతాయి. ఇలాంటి ఆశ్చర్యార్థకాలు ఒక్కో ప్రాంతానికి ఒక్కోటి ఉన్నాయి. మీనాస్‌లో "వాయ్", ఉత్తరాన ఉన్న పరా రాష్ట్రంలో "ఎగ్వ", దక్షిణాదిలో "బా". "ఎగ్వ" అంటే ఆడ గుర్రం. పరా మనిషి ఆ మాట అన్నప్పుడు గుర్రం కోసం వెతక్కండి.

మీనాస్ వాళ్ళు ప్రతిదాన్నీ "రైలు" అంటారెందుకు?

"త్రెం" అంటే రైలే. మీనాస్ జెరైస్‌లో మాత్రం పేరు గుర్తురాని వస్తువు నుంచి పెద్ద సమస్య దాకా ఏదైనా "త్రెం"తో సరిపెట్టేస్తారు. మన "అదేదో" లాంటి వాడుక.

ముసూం అనే కమెడియన్ ప్రతి మాట చివరా "ఇస్" తగిలిస్తాడు. అది ఏ ఊరి యాస?

ఏ ఊరిదీ కాదు, ఆయన సొంత సొత్తు. అసలు పేరు ఆంతోనియో కార్లోస్ బెర్నార్దెస్ గోమిస్. 1941లో రియోలో పుట్టాడు. మంగేరా సాంబా బడి (కార్నివాల్‌లో ఆడిపాడే సంఘం) మనిషి, "ఒరిజినాయిస్ దొ సాంబా" బృందంలో వాద్యకారుడు. జారిపోయే చేప పేరైన "ముసూం"ని ఆయనకి పెట్టింది మహానటుడు గ్రాండె ఒతేలో. "ఇస్" తగిలించమని సలహా ఇచ్చింది కమెడియన్ షీకో అనీజియో అని చెబుతారు. "కసీల్దా" అనే మెత్తని తిట్టుకి తోక తగిలించి "కసీల్జిస్" అనేవాడు. సారాయిని "మే" అనేవాడు.

"ఓస్ త్రపల్యోయిస్" అనే నలుగురి బృందంలో ముసూం ఒకడు. మిగతా ముగ్గురు ఈశాన్య రాష్ట్రమైన సెయరా నుంచి వచ్చిన దిదీ, రియో పక్కనే ఉన్న నితెరోయ్ మనిషి దెదే, మీనాస్ మనిషి జకరీయస్. ఒక తరం పిల్లల ఆదివారం సాయంత్రాలన్నీ వీళ్ళవే. ముసూం 1994లో పోయాడు. అయినా ఆ "ఇస్" ఇంకా బతికే ఉంది. 2023లో ఆయన జీవితం మీద వచ్చిన సినిమా పేరు "ముసూం, ఓ ఫీల్మిస్". గ్రమాదు చిత్రోత్సవంలో ఉత్తమ చిత్రం బహుమతి దానికే వచ్చింది.

సొంత భాషలో తీసిన సినిమాకి సొంత దేశంలోనే సబ్‌టైటిల్స్ వేశారట, నిజమేనా?

నిజమే. "సీనీ హోలియూజీ", దర్శకుడు హల్దెర్ గోమిస్, థియేటర్లలోకి వచ్చింది 2013లో. 1970ల్లో సెయరా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి టీవీ వస్తుంది. సినిమా హాలు మూతపడకుండా కాపాడుకోవడానికి ఫ్రాన్సిస్‌గ్లెయ్‌దిసోన్ అనే మొండి మనిషి పడే పాట్లే కథ. ఆ పేరే ఒక జోకు. సెయరాలో రెండు మూడు పేర్లు అతికించి పిల్లలకి కొత్త పేర్లు పెట్టే అలవాటు మీద వేసిన జోకు అది. సినిమాలో అందరూ "సెయరెన్సేస్" మాట్లాడతారు, అంటే సెయరా యాస. కింద మామూలు పోర్చుగీసు అక్షరాలు పడుతుంటాయి.

ఆ సబ్‌టైటిల్స్ అవసరం కోసం మాత్రమే వేశారంటే నేను ఒప్పుకోను. మా భాష మీకు అర్థం కాకపోతే మీరే చదువుకోండి, మేము మార్చుకోం అని ధీమాగా చెప్పడం అది. యాసని సరిదిద్దుకోమని దశాబ్దాలుగా చెప్పించుకున్న ప్రాంతం నుంచి ఇలాంటి సినిమా రావడం నాకు ఎంతో నచ్చిన విషయం. సినిమా ఆడింది, రెండో భాగం వచ్చింది, 2019లో గ్లోబో సిరీస్ కూడా తీసింది.

## ఆ వింత మనుషులు

ఒదోరికో పరగ్వాసు ఎవరు? రాజకీయ నాయకుల్ని ఆ పేరుతో ఎందుకు పిలుస్తారు?

1973లో గ్లోబోలో వచ్చిన "ఓ బెం అమాదు" సీరియల్లో సుకుపీరా అనే ఊహా పట్టణానికి మేయర్ ఈయన. రాసింది ఈశాన్యంలోని బయీయా రాష్ట్రం మనిషి దియస్ గోమిస్, ఆ వేషం వేసింది పావులో గ్రసిందో. బ్రెజిల్‌లో రంగుల్లో వచ్చిన తొలి సీరియల్ ఇదే. ఊళ్ళో స్మశానం కట్టిస్తానని ఒదోరికో ఎన్నికల్లో గెలుస్తాడు, కట్టిస్తాడు కూడా. తీరా చూస్తే ఊళ్ళో ఎవరూ చావరు. స్మశానం ప్రారంభోత్సవానికి శవం కావాలి! పక్క ఊరి నుంచి చావుబతుకుల్లో ఉన్న బంధువుని రప్పిస్తే వాడు కోలుకుంటాడు. ఆఖరికి జేక దియాబు అనే పేరుమోసిన హంతకుణ్ణి ఊళ్ళోకి తెస్తాడు. చివరికి ఆ జేక దియాబు చేతిలోనే చచ్చి, తను కట్టించిన స్మశానానికి తొలి శవం తనే అవుతాడు.

ఆయన భాష ఇంకా గొప్పది. చదువుకున్నవాడిలా కనబడాలని ప్రతి మాటకీ "మెంచి" అనే ప్రత్యయం తగిలించేస్తాడు. తెలుగులో ఎవరైనా "వెనకపూర్వకముగా", "ముందుపూర్వకముగా" అని ఉపన్యాసం దంచితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదే ఒదోరికో.

అప్పుడు బ్రెజిల్ సైనిక పాలనలో ఉంది. ఒదోరికోని "కొరొనెల్" అని, జేక దియాబుని "కెప్టెన్" అని పిలవకూడదని సెన్సార్ వాళ్ళు అడ్డుపడ్డారు. రెండూ పల్లెల్లో పెత్తందార్లకీ, బందిపోట్లకీ ఉండే వాడుక పేర్లు. సైన్యంలో అవే హోదాలు కూడా. భుజం తడుముకోవడం అంటే ఇదే.

ఈ సీరియళ్ళలో రెక్కలున్న మనిషి, తిని తిని పేలిపోయే ఆవిడ... ఇదంతా ఏంటి?

మీరు చూసింది "సరమందాయా", 1976. ఇదీ దియస్ గోమిస్ రాసిందే. రెక్కలు దాచుకుని గూనివాడిలా తిరిగే జొవావ్ జిబావ్, ముక్కులోంచి చీమలు రాలే పెత్తందారు, నడివీధిలో పేలిపోయే దోనా హెదోందా. పిల్లల కథలా అనిపిస్తుంది కానీ, ఎందుకిలా రాయాల్సి వచ్చిందో చూడాలి. అంతకుముందు ఏడాది, 1975లో, ఆయన రాసిన "హోకి సాంతెయ్‌రో" సీరియల్‌ని ప్రసారం మొదలవ్వాల్సిన రోజునే సెన్సార్ ఆపేసింది. అప్పటికే చాలా ఎపిసోడ్లు తీసేశారు. చేయని వీరత్వానికి ఒక మనిషిని దేవుణ్ణి చేసి, ఊరంతా ఆ పేరు మీద వ్యాపారం చేసుకునే కథ అది. సూటిగా చెబితే ఆపేస్తున్నారు, మరి వింతగా చెబితే? రెక్కలు దాచుకుని బతికే మనిషి ఏ కాలం మనిషో జనానికి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

సైనిక పాలన ముగిసిన 1985లోనే "హోకి సాంతెయ్‌రో" మళ్ళీ తీశారు. దేశం దేశమంతా చూసింది. చేతి గొలుసులు గలగలలాడించి "నేను చెప్పింది రైటా, తప్పా?" అని అడిగే సిన్యోజీన్యో మల్తా వేషం వేసిన లీమ దువార్చి, 1973లో జేక దియాబు వేసిన నటుడే.

జొవావ్ గ్రిలో, షికో నిజంగా ఉన్న మనుషులా?

కాదు, "ఔతో ద కొంపదెసీదా"లో ముఖ్య పాత్రలు. అలాగని అది రాసిన సువాసునా ఒక్కరి ఊహ కూడా కాదు. ఈశాన్య బ్రెజిల్ సంతల్లో తాడు మీద వేలాడదీసి అమ్మే చిన్న పద్యాల పుస్తకాలుంటాయి, కొర్దెల్ అంటారు. తెలివితో బతికే పేదవాడు జొవావ్ గ్రిలో ఆ పుస్తకాల్లో ముందునుంచీ ఉన్నవాడే. కుక్క రాసిన వీలునామా, డబ్బు విసర్జించే జంతువు కథలు కూడా అక్కడివే. 1918లో పోయిన లెయాంద్రో గోమిస్ జి బాహోస్ అనే కవి కొర్దెల్‌కి పెద్దదిక్కు. 2018లో బ్రెజిల్ ప్రభుత్వం దీన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఒక సీన్ దగ్గరగా చూడండి. రొట్టెల కొట్టు యజమాని భార్య కుక్క చనిపోతుంది. దానికి చర్చిలో లాటిన్ మంత్రాలతో అంత్యక్రియలు చేయాలని ఆవిడ పట్టు. ఫాదర్ ఒప్పుకోడు. కుక్క వీలునామాలో చర్చికి కొంత డబ్బు రాసిందని జొవావ్ గ్రిలో ఒక మాట వదులుతాడు. అంతే, ఫాదర్ గొంతు మారిపోతుంది. కుక్కకి ఎంత బుద్ధి, ఎంత భక్తి! ఆ తర్వాత బిషప్ వస్తాడు, వీలునామాలో ఆయన వాటా కూడా బయటపడుతుంది. జొవావ్ చేతిలో పైసా లేదు, ఉన్నదల్లా నాలుకే. ఎదుటివాడి ఆశ ఎంతుందో కొలిచి, సరిగ్గా అంత అబద్ధమే ఆడతాడు.

షికో వేరే రకం. ఎందుకూ పనికిరాని కోతలు కోస్తాడు. అదెలా జరిగిందని నిలదీస్తే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "తెలీదు, అలా జరిగిందని మాత్రం తెలుసు." ఈ మాట ఇప్పుడు బ్రెజిల్ అంతటా వాడుకలో ఉంది. రెండో సినిమా 2024 డిసెంబర్లో వచ్చింది, అందులోనూ ఆ ఇద్దరు నటులే, మతెవుస్ నష్తెర్గాయెలి, సెల్తోన్ మెలో.

షీకో అనీజియో ఒక్కడే అన్ని వేషాలు వేశాడా?

వేశాడు, 200కి పైగా. 1931లో సెయరాలోని మరంగ్వాపిలో పుట్టాడు, 2012లో పోయాడు. ఆయన సృష్టించిన ప్రొఫెసర్ హైముందో బడి 1952లో రేడియోలో మొదలైంది. 1990 నుంచి టీవీలో సొంత షోగా ఏళ్ళ తరబడి నడిచింది. తరగతి గదిలో ఒక్కో బెంచీ మీద ఒక్కో రకం మనిషి. జవాబు తెలియక మాస్టారిని పొగుడుతూ కాలం గడిపే రొలాందు లేరు, మీనాస్ పల్లె నుంచి వచ్చిన నేర్సు, ప్రతి ప్రశ్నలోనూ బూతు వెతికే దోనా బేలా. ఆఖర్న ప్రొఫెసర్ వేళ్ళతో చిన్నగా చూపించి "జీతమేమో, ఇంతే!" అంటాడు. టీచర్ల జీతాల గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నాకు ఆయన పాత్రల్లో పాంతలెయావ్ ఇష్టం. కోతలరాయుడు. నమ్మశక్యం కాని కథ చెప్పి, "అబద్ధమా తేర్తా?" అని భార్య వైపు తిరుగుతాడు. ఆవిడ తడుముకోకుండా "నిజమే!" అంటుంది. ఆ దాంపత్యం చూడాల్సిందే.

జనం మీదకి ఎండు చేపలు విసిరే ముసలాయన ఎవరు?

షక్రీన్యా, టీవీ షోలు నడిపిన వ్యాఖ్యాత. పెర్నంబుకోలోని సురుబీంలో 1917లో పుట్టిన అబెలార్దు బర్బోజా. మెరుపుల బట్టలు, చేతిలో హారన్, బాగా పాడనివాళ్ళకి అనాసపండు బహుమతి. స్పాన్సర్ అయిన ఒక సూపర్‌మార్కెట్లో ఉప్పు చేప అమ్ముడుపోకపోతే, దాన్ని స్టూడియోలో జనం మీదకి విసిరాడని, జనం ఎగబడ్డారని, అమ్మకాలు పెరిగాయని చెబుతారు. "నేను గందరగోళపెట్టడానికి వచ్చాను, వివరించడానికి కాదు" అన్నది ఆయన మాటే. 1988లో చనిపోయేదాకా టీవీలోనే ఉన్నాడు.

సేవు లుంగా నిజమైన మనిషేనా?

అవును. సెయరాలోని జువజేయ్‌రో దొ నోర్తిలో పాత ఇనుము కొట్టు నడిపేవాడు, 2014లో పోయాడు. తెలివితక్కువ ప్రశ్న అడిగితే మొహం మీద కొట్టినట్టు జవాబు చెబుతాడని పేరు. ఆయన పేరుతో కొర్దెల్ పుస్తకాలే వచ్చాయి. చాలావరకు కల్పించినవేనని ఆయన బాధపడేవాడు. బతికున్న మనిషిని జోకు చేసేస్తే ఆ మనిషికి ఎలా ఉంటుందో కూడా మనం ఆలోచించాలి.

ఒక జోకర్ ఎంపీ అయ్యాడని విన్నాం?

తిరిరీకా. సెయరాలోని ఇతపిపోకలో పుట్టిన సర్కస్ జోకర్. 2010లో సావో పాలో నుంచి 13 లక్షలకి పైగా ఓట్లతో గెలిచాడు. ఆ ఏడాది దేశం మొత్తం మీద దిగువసభ అభ్యర్థుల్లో అతనికే ఎక్కువ ఓట్లు. "ఇంతకన్నా దిగజారేదేం లేదు" అన్నది ప్రచార నినాదం. చదవడం, రాయడం వచ్చని కోర్టులో పరీక్ష రాసి చూపించాకే పదవిలోకి వెళ్ళాడు. తర్వాత ఎన్నికల్లోనూ గెలిచాడు.

## నవ్వు వెనకాల గొడవలు

ఈశాన్యం వాళ్ళని ఎప్పుడూ అమాయకులుగానో బందిపోట్లుగానో చూపిస్తారు. ఇది వెక్కిరింపు కాదా?

చాలాసార్లు వెక్కిరింపే. రియోలో ఈశాన్యం వాళ్ళందరినీ "పరైబా" అనీ, సావో పాలోలో "బయానో" అనీ ఏ రాష్ట్రం వాళ్ళైనా ఒకే పేరుతో చిన్నచూపుగా పిలిచే అలవాటుంది. ఆ చూపే తెరమీదకీ వచ్చింది. తొమ్మిది రాష్ట్రాల యాసల్ని కలిపేసి, ఎక్కడా ఎవరూ మాట్లాడని ఒక "సీరియల్ ఈశాన్యం యాస" తయారుచేశారు. వార్తలు చదివేవాళ్ళకేమో 1970ల నుంచి ఊరి యాస వినబడకుండా శిక్షణ ఇచ్చారు. అంటే వార్తకి యాస పనికిరాదు, నవ్వుకి మాత్రం కావాలి. మన సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం రౌడీలకీ కమెడియన్లకీ పరిమితమైన సంగతి తెలిసినవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

నేను చూసే కొలమానం ఒకటుంది. ఆ పాత్ర తన ఊరివాళ్ళ మధ్య కూడా నవ్విస్తుందా, లేక పట్నం వాళ్ళ మధ్య నిలబెడితేనే నవ్వొస్తుందా? జొవావ్ గ్రిలో చుట్టూ ఉన్నవాళ్ళంతా అదే యాస మాట్లాడతారు, కాబట్టి అక్కడ నవ్వు యాస మీద రాదు, మనుషుల ఆశల మీద వస్తుంది.

పాత ఎపిసోడ్లలో కొన్ని జోకులు చూస్తుంటే ఇబ్బందిగా ఉంది. నాకే అలా అనిపిస్తోందా?

మీకొక్కరికే కాదు. ముసూం రంగు మీద "ఓస్ త్రపల్యోయిస్" బృందం వేసిన జోకులు, స్వలింగ సంపర్కుల మీద వేసిన వేషాలు ఈరోజు బ్రెజిల్‌లోనే గట్టిగా విమర్శలు ఎదుర్కొంటున్నాయి. పిల్లలతో కలిసి చూస్తే ముందు మీరొకసారి చూడండి. ముసూం ఎంత గొప్ప నటుడో చెప్పడానికి ఆ జోకుల్ని సమర్థించాల్సిన పని లేదు.

ఇప్పుడైనా మార్పు వచ్చిందా?

వచ్చింది, చాలినంత కాదు. 2018లో "సెగుందో సోల్" సీరియల్ నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే బయీయాలో జరిగే కథ. అయినా ముఖ్య పాత్రలన్నీ దాదాపు తెల్లవాళ్ళకే ఇచ్చారని పెద్ద గొడవైంది. ఆ తర్వాత 2022లో వచ్చిన "మార్ దొ సెర్తావ్"లో ఈశాన్యం నటులు చాలామంది కనిపించారు.

రియాలిటీ షో సంగతి ఇంకా ఆసక్తికరం. 2021 బిగ్ బ్రదర్‌లో పరైబా నుంచి వచ్చిన జూలియెట్ యాసని ఇంట్లో తోటివాళ్ళు అనుకరించారని బయట దుమారం రేగింది. ఫైనల్లో ఆవిడకి 90 శాతం పైగా ఓట్లు పడ్డాయి. అదే ఇంట్లో ఉన్న పెర్నంబుకో మనిషి జిల్ దొ విగోర్ నోట వచ్చిన "లస్కాదు" అనే మాట, అంటే పని అయిపోయింది, మునిగిపోయాం అని, దేశమంతా పాకింది. ఆయన కమెడియన్ కాదు, ఆర్థికశాస్త్రం చదువుకున్నవాడు.

## మాటలు నోట్లోకి వచ్చాక

ఆఫీసులో బ్రెజిల్ వాళ్ళున్నారు. నేర్చుకున్న మాటలు వాళ్ళతో వాడొచ్చా?

మాట వాడండి, యాసని అనుకరించకండి. ముందు వాళ్ళది ఏ రాష్ట్రమో అడగండి. అందరికీ నచ్చే ప్రశ్న అది. సావో పాలో మనిషి దగ్గర "ఒషెంతి" అంటే నవ్వి ఊరుకుంటారు, పెర్నంబుకో రాజధాని రెసీఫి మనిషి దగ్గర అంటే ఇంకో అరగంట కబుర్లు చెబుతారు. "పరైబా", "బయానో" అనే మాటల్ని మాత్రం ఆ ఊరివాళ్ళ గురించి తప్ప ఇంకెలాగా వాడొద్దు. "కసీల్జిస్" ఎక్కడైనా చెల్లుతుంది. దేని గురించైనా వివరం అడిగితే, మీకు జవాబు తెలియకపోతే, షికో మాట ఉండనే ఉంది.